కరెంటు పోయి వచ్చేసరికి ఫ్రిజ్, టీవీ, రౌటర్ మూడూ పోయాయి. పెద్ద స్టెబిలైజర్ కొంటే సరిపోతుందా?

పద్మ_పర్లాకిమిడి
మొన్న శుక్రవారం సాయంత్రం మా వైపు గాలివాన. ఏడింటికి కరెంటు పోయింది, ఎనిమిదిన్నరకి వచ్చింది. వచ్చీ రాగానే హాల్లో బల్బు పట్టపగల్లా వెలిగింది. ఫ్యాను గిర్రున తిరిగింది, ఎప్పుడూ అంత జోరు చూడలేదు. వంటింట్లోంచి నేను వచ్చేలోపే టీవీ వెనక 'టప్' మని చప్పుడు, కాలిన వాసన. పరుగెత్తి మెయిన్ కట్టేశాను. రాత్రికి లైను వాళ్ళు వచ్చి స్తంభం దగ్గర ఏదో చేసి వెళ్ళారు. పొద్దున మెయిన్ వేసి చూస్తే ఫ్రిజ్ లేదు, టీవీ లేదు, రౌటర్ లేదు. మిక్సీ ప్లగ్ తీసి ఉంది కాబట్టి బతికింది.

టీవీ పోతే పోయింది. ఫ్రిజ్‌లో అమ్మ ఇన్సులిన్ ఉంది. రాత్రి పదింటికి స్కూటీ మీద నాలుగు వీధుల అవతల పిన్ని వాళ్ళింటికి తీసుకెళ్ళి పెట్టొచ్చాను. దారంతా చీకటి, కింద తెగిన కొమ్మలు. ఆ టెన్షన్ ఇంకా తగ్గలేదు.

ఫ్రిజ్ పాతపట్నంలో కొన్నాం. వారంటీ ఉంది కానీ వోల్టేజ్ ఎక్కువై కాలితే వారంటీ వర్తించదన్నారు. బోర్డు మార్చడానికి నాలుగున్నర వేలట. మా ఆయన ఇల్లంతటికీ కలిపి ఒక పెద్ద స్టెబిలైజర్ పెట్టిద్దాం అంటున్నారు. అది ఉండి ఉంటే ఇలా జరిగేది కాదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం_కిరాణా
ఇది పిడుగు దెబ్బే. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివాన వచ్చిందంటే మా వీధిలో ఎవరో ఒకరి టీవీ పోవాల్సిందే. స్టెబిలైజర్ పిడుగును ఆపదు. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి.

రాయగడ_రమణి
మాకూ రెండేళ్ళ కిందట అచ్చం ఇలాగే అయింది. మైక్రోవేవ్, వాషింగ్ మెషిన్ బోర్డు పోయాయి. అప్పటినుంచి ఉరుము వినబడితే చాలు, ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకేస్తా. మా పిల్లలు నన్ను 'ప్లగ్గులమ్మ' అంటారు.

జయపురం_మిస్త్రీ
కిరాణా గారూ, ఇది పిడుగు కాదు అనుకుంటున్నా. పద్మగారు చెప్పినదాంట్లో బల్బు ఎక్కువగా వెలిగింది, ఫ్యాను జోరుగా తిరిగింది అని ఉంది. పిడుగు వల్ల వచ్చే పోటు సెకనులో లక్షో వంతు, పదిలక్షో వంతు లెక్కల్లో ఉంటుంది. దానికి ఫ్యాను వేగం పెరిగే టైమే ఉండదు.

పద్మగారూ, రెండు సంగతులు కనుక్కుని చెప్పండి. ఒకటి, ఆ వెలుగు మీరు మెయిన్ కట్టేదాకా అలాగే ఉందా? రెండు, అదే టైములో పక్కిళ్ళలో ఎలా ఉంది?

పద్మ_పర్లాకిమిడి
వెలుగు నేను కట్టేదాకా ఉంది. ఐదారు సెకన్లు ఉంటుంది. పక్కిళ్ళ సంగతి అడిగి చెబుతా.

పద్మ_పర్లాకిమిడి
అడిగాను. ఎడమవైపు ఇంట్లో ట్యూబ్‌లైటు వెలగనే లేదట, ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగిందట. వాళ్ళకి ఏమీ పోలేదు. కుడివైపు ఇంట్లో మాలాగే వెలుగు ఎక్కువై సెట్‌టాప్ బాక్సు, రెండు ఛార్జర్లు పోయాయి. ఒకే స్తంభం నుంచే ముగ్గురికీ లైను. ఒకరికి ఎక్కువా, ఒకరికి తక్కువా ఎలా అవుతుంది?

జయపురం_మిస్త్రీ
న్యూట్రల్ తెగింది. ఇంక అనుమానం లేదు. రాత్రి వచ్చిన లైను వాళ్ళు స్తంభం దగ్గర చేసిన పని ఆ న్యూట్రల్ కలపడమే అయి ఉంటుంది.

గుణుపురం_మాస్టారు
మిస్త్రీ గారు పట్టేశారు. కారణం నేను చెబుతా, ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన అలవాటు.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ వీధికి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు ఇస్తారు. వచ్చేటప్పుడు దారులు మూడు, తిరిగి వెళ్ళే దారి మాత్రం అందరికీ ఒక్కటే, అదే న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వోల్టులు, పాత లెక్కలో 415.

కొమ్మ పడి న్యూట్రల్ తెగిందనుకోండి. మీ ఇంట్లోంచి కరెంటు తిరిగి పోవడానికి సొంత దారి లేదు. పక్కింటి సామాన్ల గుండా వాళ్ళ ఫేజు మీదకి పోతుంది. అంటే మీ ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకదాని వెనక ఒకటి కట్టినట్టయి, ఆ 400 వోల్టుల్ని రెండూ పంచుకోవాలి. వాటాలు సమానంగా రావు. ఎవరింట్లో తక్కువ సామాన్లు నడుస్తుంటే వాళ్ళ మీద ఎక్కువ వోల్టులు పడతాయి. పద్మగారింట్లో రెండు లైట్లు, ఒక ఫ్యాను, స్టాండ్‌బైలో టీవీ. ఎడమవైపు ఇంట్లో గీజరో ఇస్త్రీ పెట్టో నడుస్తూ ఉండాలి. వాళ్ళకి ఎనభయ్యో తొంభయ్యో వచ్చి, వీళ్ళకి మూడు వందలు దాటి ఉంటుంది.

ఆ 'టప్' చప్పుడు సంగతి. టీవీ లోపలి పవర్ బోర్డులో చిటికెనవేలంత నల్లటి కెపాసిటర్ ఉంటుంది, దాని మీద 400 వోల్టులు అనో 450 అనో రాసి ఉంటుంది. 230 ఏసీని డీసీ చేస్తే శిఖరం దగ్గర 325 వస్తుంది, దానికి ఫరవాలేదు. అదే 380 ఏసీ వచ్చిందంటే శిఖరం 537. కెపాసిటర్ పైమూత ఉబ్బి పగులుతుంది. టీవీ వెనక మూత తీయించి చూడండి, కనబడుతుంది.

పద్మ_పర్లాకిమిడి
మాస్టారూ, అవును! ఎడమవైపు వాళ్ళ కోడలు చంటిపిల్లకి నీళ్ళు కాచడానికి గీజర్ వేసి ఉంచిందట. అంటే వాళ్ళ గీజర్ మా టీవీని తినేసిందా!

గుణుపురం_మాస్టారు
పాపం ఆ కోడలి తప్పేం లేదమ్మా, ఆమెకి నీళ్ళు కూడా కాగి ఉండవు. తప్పు తెగిన తీగది.

బరంపురం_కిరాణా
ఒప్పుకున్నా. మరి నా షాపులో పోయిన ఏడాది పోయిన డీప్ ఫ్రీజర్? అప్పుడు మెరుపూ ఉరుమూ ఒకేసారి వచ్చాయి, పిడుగు వెనక వీధి కొబ్బరిచెట్టు మీద పడింది. లైట్లు కూడా మినుకుమనలేదు, ఫ్రీజర్, సీసీ కెమెరాల పెట్టె రెండూ చచ్చాయి.

జయపురం_మిస్త్రీ
అది పిడుగే. మీ ఇద్దరివీ వేరే జబ్బులు, మందులు కూడా వేరే. అదే జనం కలిపేసుకుంటున్నారు.

పిడుగు పోటుకి సర్జ్ ప్రొటెక్టర్, అంటే ఎస్పీడీ. మెయిన్ బోర్డులో పెట్టేది టైప్ 2. క్షణంలో వచ్చి పోయే పోటుని ఎర్త్‌లోకి తోసేస్తుంది. స్టెబిలైజర్ లోపలి రిలే కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఆ లోపు పిడుగు పోటు బోర్డు కాల్చేసి వెళ్ళిపోతుంది. అందుకే స్టెబిలైజర్ దానికి పనికిరాదు.

న్యూట్రల్ తెగితే వచ్చేది క్షణంలో పోయేది కాదు, నిమిషాలు, గంటలు ఉంటుంది. దానికి ఎస్పీడీ పనికిరాదు. అంతసేపు ఎక్కువ వోల్టేజ్ భరించలేక ఎస్పీడీయే వేడెక్కి కాలిపోతుంది. దీనికి కావలసింది ఓవర్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే మెయిన్ స్విచ్) పక్కన అదే పట్టీకి తగిలించే చిన్న డబ్బా. వోల్టేజ్ 270 దాటినా 170 కిందికి పడినా ఇల్లంతా కట్ చేస్తుంది. సరిగ్గా అయ్యాక కొన్ని నిమిషాలు ఆగి తనే వేస్తుంది. పద్మగారింట్లో ఇది ఉంటే టీవీ బతికేది.

స్టెబిలైజర్ మూడోది. రోజూ సాయంత్రం వోల్టేజ్ 180కి, 170కి పడిపోయే ఊళ్ళల్లో ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్ల కోసం. ఇల్లంతటికీ పెద్దది పెట్టడం డబ్బు దండగ, అది పాడైతే ఇల్లంతా చీకటి.

సిరొంచ_శ్రీను
మాది మహారాష్ట్ర చివర, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. లైను చాలా దూరం నుంచి అడవిలోంచి వస్తుంది, చెట్టు కొమ్మ తగిలితే గంటలు పోతుంది. మాకు ఎక్కువ బాధ లో వోల్టేజే. మూడు ఫేజుల్లో ఒకటి పోతే బోరు మోటారు మూలుగుతూ కాలిపోతుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోగానే మోటారు ఆపేసే పరికరం) పెట్టాక నాలుగేళ్ళుగా మోటారు వైండింగ్ చేయించలేదు.

కాశీనగర్_రైతు
శ్రీను గారూ, ఆ ప్రివెంటర్ స్టార్టర్‌లోనే వస్తుందా, విడిగా కొనాలా?

సిరొంచ_శ్రీను
విడిగా కొని పాత స్టార్టర్‌కి తగిలించా. కొత్త స్టార్టర్ పెట్టెల్లో కలిపే ఇస్తున్నారు.

ఛత్రపూర్_చిన్నోడు
నా దగ్గర స్పైక్ గార్డ్ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. ఎర్రలైటు వెలుగుతుంది. అది చాలదా? ఇంత ఖర్చు దేనికి?

జయపురం_మిస్త్రీ
ఆ ఎర్రలైటు కరెంటు ఉందని చెప్పే లైటు బాబూ, రక్షణ ఉందని చెప్పేది కాదు. నేను ఇలాంటివి చాలా విప్పాను. చవకవాటిలో సగానికి లోపల వట్టి రాగి పట్టీలే ఉంటాయి. కొన్నిట్లో చిన్న నీలం బిళ్ళ ఉంటుంది, దాన్నే ఎంఓవీ అంటారు. దెబ్బలు తిన్న కొద్దీ ఆ బిళ్ళ బలం తగ్గుతుంది. ఎప్పుడు అయిపోయిందో బయటికి తెలియదు. మెయిన్ బోర్డు ఎస్పీడీకి చిన్న కిటికీ ఉంటుంది. పచ్చగా ఉన్నంతకాలం బాగున్నట్టు, ఎర్రగా మారితే మార్చాలి.

రాయగడ_రమణి
మరి మేం కొన్న కొత్త ఇన్వర్టర్ ఫ్రిజ్‌కి (కంప్రెసర్ వేగం తనే మార్చుకునే రకం) 'స్టెబిలైజర్ అక్కర్లేదు' అని డోరు మీదే స్టిక్కర్ ఉంది. షాపువాడూ అదే అన్నాడు. మీరు చెప్పేదానికి ఇది వ్యతిరేకంగా ఉంది.

జయపురం_మిస్త్రీ
అమ్మా, స్టిక్కర్ అబద్ధం కాదు. ఆ ఫ్రిజ్ తక్కువ వోల్టేజ్‌లోనూ నడుస్తుంది, స్టెబిలైజర్ లేకపోయినా ఫరవాలేదు. కానీ పిడుగు పోటుకి, న్యూట్రల్ తెగినప్పుడు వచ్చే 350కి ఆ స్టిక్కర్ అడ్డుపడదు. పాత ఫ్రిజ్‌లో బోర్డే ఉండేది కాదు, కంప్రెసర్, రిలే అంతే. ఇప్పటివాటిలో అన్నీ బోర్డులే.

బరంపురం_కిరాణా
అయినా నేను ఇన్వర్టర్ ఫ్రీజర్‌కి స్టెబిలైజర్ పెట్టే తీరతా. ఐస్‌క్రీం కరిగితే నష్టం నాది, స్టిక్కర్‌ది కాదు.

జయపురం_మిస్త్రీ
మీ షాపు, మీ ఇష్టం. 3 నిమిషాలు ఆగి వేసే టైమర్ ఉన్నది తీసుకోండి. ఆగిన వెంటనే మళ్ళీ మొదలైతే లోపలి గ్యాసు ఒత్తిడి మీద కంప్రెసర్ లేవలేక కాయిల్ వేడెక్కుతుంది.

రాయగడ_రమణి
ఇంకో సంగతి అడుగుతా. మా ఇంటికి ఎర్త్ గొయ్యి లేదు. ఇల్లు కట్టినప్పుడు మిస్త్రీ మూడు పిన్నుల సాకెట్లలో ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ చిన్న తీగ ముక్క కలిపి 'ఇదే ఎర్తింగ్' అన్నాడు. ఎస్పీడీ దానికే కలిపేయొచ్చా?

గుణుపురం_మాస్టారు
రమణిగారూ, ముందు ఎస్పీడీ మాట పక్కన పెట్టండి. ఈ రోజే ఆ తీగ ముక్కలు తీయించండి. బయట న్యూట్రల్ తెగితే ఆ తీగ గుండా ఫేజు మీ ఫ్రిజ్ డోరు మీదకీ వాషింగ్ మెషిన్ ఒంటి మీదకీ వస్తుంది. పద్మగారింట్లో టీవీ పోయింది. అలాంటి వైరింగ్‌లో అయితే తడి చేత్తో ఫ్రిజ్ తెరిచిన మనిషే పోయేవారు.

జయపురం_మిస్త్రీ
మాస్టారు చెప్పినదానికి నేను చేతులెత్తి దండం పెడతాను. ఈ పని చేసేవాళ్ళు మా వృత్తిలో ఉన్నారని చెప్పుకోవడానికే బాధగా ఉంది. సాకెట్ విప్పి చూస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. గొయ్యి తవ్వించేవరకు ఫ్రిజ్, మెషిన్ ముట్టుకునేముందు చెప్పులు వేసుకోండి, తడి చేత్తో ముట్టుకోకండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. అది వోల్టేజ్ నుంచి వస్తువుల్ని కాపాడదు, షాక్ నుంచి మనిషిని కాపాడుతుంది.

రాయగడ_రమణి
గుండె దడదడలాడుతోంది. ఇప్పుడే ఫ్రిజ్ సాకెట్ దగ్గర మెయిన్ కట్టి విప్పించాం. తీగ ఉంది. తీసేశాం. మిగతావి రేపు పొద్దున.

పద్మ_పర్లాకిమిడి
మంచిపని చేశారు రమణీ. మా ఇంట్లోవి కూడా చూపిస్తా.

ఛత్రపూర్_చిన్నోడు
ఎర్త్ గొయ్యి అంటే ఏం చేయాలి? ఉప్పు, బొగ్గు పోసి పైపు పాతితే అయిపోతుందా?

జయపురం_మిస్త్రీ
రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు, పైన నీళ్ళు పోయడానికి గరాటు. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని. కానీ పాతేసి మరిచిపోతే కాదు. మా జయపురం, కోరాపుట్ వైపు ఎర్ర రాతి నేల. వేసవిలో ఎండి గట్టిపడితే ఎర్త్ ఉన్నా లేనట్టే. ఎర్త్ టెస్టర్ పెట్టి కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి. ఒక ఇంట్లో నేను 40 చూశాను. పక్కన ఇంకో గొయ్యి తవ్వి రెండూ కలిపితే బాగా తగ్గింది. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు బిందెలు నీళ్ళు పోయండి. ఎస్పీడీ నుంచి ఎర్త్‌కి పోయే తీగ కూడా వీలైనంత పొట్టిగా, మెలికలు లేకుండా ఉండాలి.

లైన్‌మేన్_కొడుకు
ఇన్వర్టర్లూ జనరేటర్లూ వాడేవాళ్ళకి ఒక మాట. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటింది. గజపతి జిల్లాలో స్తంభాలు వరసగా పడిపోయాయి. మా నాన్న మూడు వారాలు ఇంటి పట్టున లేరు. చెమటా బురదా ఎండిన చొక్కాతో ఒకరోజు వచ్చి బట్టలు తీసుకుని మళ్ళీ వెళ్ళారు. ఆ రోజుల్లో ఒక పల్లెలో లైను చచ్చి ఉందని తేల్చుకుని స్తంభం ఎక్కారు. ఎవరో చిన్న జనరేటర్‌ని చేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైను నుంచి విడదీసి జనరేటర్‌కి మార్చేది) లేకుండా ఇంటి సాకెట్‌లోకి గుచ్చి నడిపారు. ఆ కరెంటు వెనక్కి లైనులోకి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ గుండా అటువైపు వేల వోల్టులైంది. నాన్నకి కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ ముడవవు. బెల్టు ఉండబట్టి కింద పడలేదు.

జనరేటర్ పెట్టుకోండి, తప్పులేదు. చేంజోవర్ పెట్టించి పెట్టుకోండి. పైన ఎక్కినవాడు కూడా ఎవరో ఒకరి నాన్నే.

పద్మ_పర్లాకిమిడి
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి. తిత్లీ తర్వాత మా వీధికి కరెంటు తెచ్చింది అలాంటివాళ్ళే.

కాశీనగర్_రైతు
నిజం. మా ఊళ్ళో పొలం మోటార్లకి జనరేటర్ అద్దెకి తెస్తారు, చేంజోవర్ ఒక్కరికీ లేదు. పంచాయితీలో మాట్లాడతా.

నర్సు_గీత_బరంపురం
పద్మగారి ఇన్సులిన్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా చాలారకాలకి గది వేడిలో 28 రోజుల దాకా ఫరవాలేదు, కానీ గది 30 డిగ్రీలు దాటకూడదు. పెట్టెలోని కాగితం చూడండి, రకాన్నిబట్టి మారుతుంది. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. కంగారులో ఐస్ మీద పెట్టేస్తారు, అది ఇంకా ప్రమాదం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడుతుంది, పనిచేయదు. పారేయాలి.

ఫ్రిజ్ లేని పల్లెల్లో మేం చెప్పేది మట్టికుండ. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో సీసా పెట్టి, ఆ డబ్బాని తడి గుడ్డ చుట్టిన కుండలో ఉంచి, గాలి తగిలే నీడలో ఉంచాలి.

గుణుపురం_మాస్టారు
నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది కాబట్టి పనిచేస్తుంది. గాలిలో తేమ ఉంటే ఆవిరి తక్కువ. కోరాపుట్ కొండల్లో ఎండాకాలం బాగా పనిచేస్తుంది, బరంపురం, గోపాలపూర్ ఉక్కపోతలో అంత పనిచేయదు. వానరోజుల్లో దాని మీద భరోసా పెట్టకండి.

నర్సు_గీత_బరంపురం
మాస్టారు కరెక్ట్. అందుకే చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టమని చెబుతాం.

ఛత్రపూర్_చిన్నోడు
కరెంటు పోతే రౌటర్ ఆగిపోతోంది, ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోతున్నాయి. పెద్ద ఇన్వర్టర్ కొనలేం.

బరంపురం_కిరాణా
12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది, అరచేతి అంత. రౌటర్ తినేది పది, పన్నెండు వాట్లే కాబట్టి కొన్ని గంటలు లాగుతుంది. మా అబ్బాయి అదే వాడుతున్నాడు.

పద్మ_పర్లాకిమిడి
మేం 150 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) బ్యాటరీ ఇన్వర్టర్ కొనాలనుకుంటున్నాం, లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే. ఫ్రిజ్ కూడా దాని మీద పెట్టొచ్చా?

జయపురం_మిస్త్రీ
150 ఏహెచ్, 12 వోల్టులు. గుణిస్తే 1800, నష్టాలు పోగా చేతికి వచ్చేది 1300, 1400 వాట్-గంటలు. ఫ్యాన్లూ లైట్లూ 300 వాట్లయితే నాలుగు గంటలు. ఫ్రిజ్ కలిపితే కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే చాలా రెట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కట్ అవుతుంది. వద్దు. నాలుగు గంటలు తలుపు మూసి ఉంచండి, చాలు. బ్యాటరీని పడకగదిలో పెట్టకండి, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలాడాలి. డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్ళు కాదు.

రాయగడ_రమణి
ఉరుములప్పుడు ప్లగ్గులు పీకే నా పద్ధతి సంగతి ఎవరైనా చెప్పండి. మంచిదేనా?

గుణుపురం_మాస్టారు
పీకడం అన్నిటికంటే గట్టి రక్షణే. కానీ ముందే పీకాలి. నెత్తిమీద ఉరుముతున్నప్పుడు వెళ్ళి ప్లగ్ పట్టుకోవడం ప్రమాదం. మెరుపు చూశాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపే వినబడితే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టే, ఇక ముట్టుకోకండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుని రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చిందంటేనే మన వైపు ఎంత ఎక్కువో అర్థం చేసుకోవచ్చు. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగు పడే సూచన చూపిస్తుంది.

ఒకటి మరవకండి. టీవీకి కరెంటు ప్లగ్ తీసి డిష్ కేబుల్ అలాగే ఉంచితే సగం పనే అయినట్టు. మేడ మీది డిష్ నుంచి పోటు ఆ కేబుల్ వెంటే దిగుతుంది.

బరంపురం_కిరాణా
నా కెమెరాల పెట్టె అలాగే పోయిందన్నమాట! తీగలన్నీ మేడ మీదే కదా.

పద్మ_పర్లాకిమిడి
నష్టపరిహారం ఏమైనా వస్తుందా? న్యూట్రల్ తెగడం నా తప్పు కాదు. ఆఫీసుకి వెళితే 'తుఫాను గాలి కదా' అని పంపేశారు. ఫారం ఒడియాలో ఉంది, నాకు చదవడం వచ్చు, రాయడం రాదు.

లైన్‌మేన్_కొడుకు
నోటిమాటగా అడిగితే అలాగే అంటారక్కా. ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. దరఖాస్తు ఇంగ్లీషులో రాసినా ఇవ్వొచ్చు. తేదీ, టైము, పోయిన వస్తువులు, బిల్లుల నకళ్ళు, కుడివైపు ఇంటివాళ్ళ సంతకం కూడా పెట్టండి, ఇద్దరికీ ఒకేసారి పోయాయంటే బలం. నకలు మీద స్టాంపు వేయించుకోండి. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా ఫిర్యాదుల పరిష్కార వేదిక పెట్టాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. డబ్బు తప్పక వస్తుందని మాట ఇవ్వలేను. కాగితం లేకపోతే మాత్రం ఏదీ రాదు.

నర్సు_గీత_బరంపురం
ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే ఆ పాలసీ కూడా తీసి చూడండి. పిడుగు అని రాసి ఉంటుంది, వోల్టేజ్ హెచ్చుతగ్గుల మాట వేరేగా ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని మా అన్నయ్య దెబ్బతిన్నాడు.

పద్మ_పర్లాకిమిడి
మూడు వారాల తర్వాత రాస్తున్నా. దరఖాస్తు ఇచ్చాను, స్టాంపు పడింది, జవాబు ఇంకా రాలేదు. టీవీ మూత తీయించాను. మాస్టారు చెప్పిన నల్ల కెపాసిటర్ పైమూత పువ్వులా విచ్చుకుని ఉంది, చుట్టూ గోధుమరంగు జిగురు. దాన్ని దాచిపెట్టమని మెకానిక్‌కి చెప్పా, ఫిర్యాదుకి ఫోటో తీశా.

ఇంట్లో వైరింగ్ చూడటానికి తెలిసిన మిస్త్రీని పిలిచాం. మీటరు దగ్గర మా సర్వీసు వైరు అల్యూమినియం, లోపలి వైరు రాగి. రెండూ మెలితిప్పి టేపు చుట్టారు. టేపు విప్పితే తెల్లటి పొడి రాలింది, ఒక పక్క నల్లగా కమిలి ఉంది. అది కూడా న్యూట్రల్ జాయింటే. వీధి న్యూట్రల్ సరిగ్గా ఉన్నా ఏదో ఒకరోజు మా ఇంటి న్యూట్రల్ వదిలేసేదట. మీటరు అవతలి వైపు మేం ముట్టుకోకూడదని ఆ ముక్క లైను వాళ్ళచేత మార్పించాం.

జయపురం_మిస్త్రీ
రాగీ అల్యూమినియం నేరుగా కలిస్తే తేమకి తినేసుకుంటాయి. మధ్యలో బైమెటల్ లగ్ (ఒక పక్క రాగి, ఒక పక్క అల్యూమినియం ఉన్న జోడింపు ముక్క) వేశారా?

పద్మ_పర్లాకిమిడి
వేశారు, నేను దగ్గరుండి చూశా. బోర్డులో వోల్టేజ్ ప్రొటెక్టర్, ఎస్పీడీ, ఆర్‌సీసీబీ మూడూ పెట్టించాం. గొయ్యి కొత్తది తవ్వించాం, 3.2 ఓమ్‌లు వచ్చింది. వారానికి రెండు బిందెలు పోయడం అమ్మ తన పనిగా పెట్టుకుంది. 'తులసమ్మకి పోసినట్టే దీనికీ పోస్తా' అంటోంది.

మొన్న ఆదివారం మళ్ళీ కరెంటు పోయింది. గంటకి వచ్చింది. డబ్బా మీద ఎర్ర అంకెలు 231 అని చూపిస్తున్నాయి, కానీ ఇల్లు ఇంకా చీకటే. ఆగు, ఆగు అని మా ఆయన్ని ఆపాను. మూడు నిమిషాలకి 'టక్' మని వేసుకుంది. బల్బు మామూలుగా వెలిగింది. అమ్మ కుండలోంచి ఇన్సులిన్ డబ్బా తీసి ఫ్రిజ్‌లో పెట్టింది.

రాయగడ_రమణి
మాకు గొయ్యి నిన్న పూర్తయింది. సాకెట్లు పదకొండింటిలో ఏడింటికి ఆ తీగ ముక్కలు ఉన్నాయి. అన్నీ తీసేశాం.

కాశీనగర్_రైతు
పద్మగారూ, ఆ వోల్టేజ్ డబ్బా పర్లాకిమిడిలో దొరికిందా, బరంపురం వెళ్ళాలా?

పద్మ_పర్లాకిమిడి
పర్లాకిమిడిలోనే, బజారులో ఎలక్ట్రికల్ షాపులో. ఒక్కటే ఉంటే తీసుకున్నా. మీకు కావాలంటే చెప్పండి, వచ్చే బుధవారం మళ్ళీ సరుకు వస్తుందన్నాడు. మెయిన్ ఎంసీబీ ఎన్ని ఆంపియర్లో చూసుకుని రండి, దానికి తగ్గదే ఇస్తాడు.